తెరిస్తే చెల్లదు

నా నంబరు ముప్పై ఒకటి. గోడమీది బోర్డులో ఎర్రంకెలు ఇరవై నాలుగు దగ్గర ఆగి పావుగంటయింది. ఆ గాజు తలుపు వెనక ఇరవై నాలుగో మనిషెవరో తన కథంతా తాతల కాలంనుంచి మొదలుపెట్టి చెబుతున్నట్టున్నాడు, చెప్పనీ, నాకు కోపం కన్నా వినాలనే ఎక్కువగా ఉంది, ఏం చదివాడో, ఎక్కడ తప్పాడో, ఎక్కడికి పోదామనుకుంటున్నాడో. పన్నెండింటికి ఈ కాలేజీ కౌన్సిలర్ ఆఫీసు మూసేస్తారు. రేపు థాంక్స్‌గివింగ్, ఆ వెనకే శుక్ర, శని, ఆదివారాలు, నాలుగు రోజులు ఇక్కడ నరమానవుడుండడు, సోమవారంతో యూనివర్సిటీ దరఖాస్తుల గడువు సరి. కిటికీ అవతల పొగమంచు ఇంకా లేవలేదు. పదిన్నరయినా పార్కింగులో నా కారు కనిపించడం లేదు, ఉండే ఉంటుంది, దాన్ని దొంగిలించాలన్నా ముందు దొంగకి కనబడాలి కదా. మా లోయలో నవంబరు మంచు ఇలాగే నేలమీద కూర్చుంటుంది, మధ్యాహ్నం దాకా కదలదు, చిన్నప్పుడు ఇది పైనుంచి దిగుతుందా నేలలోంచి పుడుతుందా అని నాన్నని అడిగితే, "ఆవులెప్పుడైనా ఎందుకు అని అడిగాయటే? అందుకే వాటికి నాలుగు కడుపులూ నిండుతాయి" అన్నాడు. నాకున్నది ఒక్క కడుపే, అదీ పొద్దున్నుంచి ఖాళీ, భయానికి రొట్టె దిగలేదు.

ఒళ్ళో కవరుంది. తెల్ల కవరు, అంటించిన చోట అడ్డంగా నీలం ముద్ర, తెరిస్తే చెల్లదు. ఇరవై రెండేళ్ళ కిందట నేను చదివిన, కాదు, చదవడం మొదలుపెట్టిన మొదటి కాలేజీ వాళ్ళు పంపిన మార్కుల జాబితా ఇందులో ఉంది. వచ్చి నాలుగు రోజులయింది. వంటింటి దీపానికి అడ్డం పెట్టి చూశాను, కారు అద్దానికి పెట్టి చూశాను, పనిచేసే చీజు ఫ్యాక్టరీలో పాల నమూనాలు పరీక్ష చేసే తెల్ల దీపం కింద కూడా పెట్టాను, లోపలి కాగితం కనబడకుండా కవరుకి లోపల నీలం గళ్ళు అచ్చేశారు. నాలాంటి వాళ్ళు ఎంతమంది దీపాలకి అడ్డం పెట్టుంటారో, ఆ గళ్ళు కనిపెట్టినవాడు ఎవడో గాని మా జాతి తెలిసినవాడే. అందులో ఏముందో నాకు తెలియదా అంటే తెలుసు, ఐదు ఎఫ్‌లు. ఐదు తరగతులూ తప్పినట్టు, ఐదూ నావే. అయినా కవరు చూస్తుంటే చేతివేళ్ళు దురదపెడుతున్నాయి, తెలిసిన సంగతే అయినా కళ్ళతో చూడాలని ఈ ఆత్రం ఏమిటో.

మొన్న ఆదివారం కంప్యూటరు ముందు కూర్చుని ఫారమంతా నింపేశాను. పేరు ఇడలీనా తోస్తే, వయసు నలభై ఒకటి, ఇప్పుడు చదువుతున్నది ఈ ఊరి రెండేళ్ళ కాలేజీ, మూడున్నరేళ్ళుగా సాయంత్రం తరగతులు, మిగిలిన రెండేళ్ళూ పూర్తిచెయ్యడానికి వెళ్ళాలనుకుంటున్నది యూనివర్సిటీకి, అక్కడ చదవాలనుకుంటున్నది నేల కింది నీళ్ళ గురించి. ఎందుకు చదవాలనుకుంటున్నారు అన్నచోట పేజీన్నర రాశాను, నన్ను ఎందుకు అని అడిగినవాళ్ళే నా జీవితంలో తక్కువ. ఒక్క గడి దగ్గర ఆగిపోయాను. ఇంతకుముందు చేరిన కాలేజీలన్నీ రాయండి, ఒక్క తరగతికి చేరినా రాయాలి, మధ్యలో మానేసినా రాయాలి. కింద, ఇందులో రాసినదంతా నిజమని ఒప్పుకుంటున్నాను అని ఇంకో గడి. ఆ రెండు గడుల మధ్యా చూపుడు వేలు ఎంతసేపు తిరిగిందో. రాస్తే, ఈ మూడున్నరేళ్ళు మంచులో కారు నడిపి, నిద్ర చంపుకుని కూడబెట్టిన మార్కుల సగటు దబ్బున కింద పడుతుంది, నేనడిగిన చోటికి నాలుగుకి మూడు పాయింట్ రెండు కావాలి, ఐదు ఎఫ్‌లు కలిపితే మూడు దగ్గర ఆగుతుందని పాల చిట్టీ వెనక లెక్కేసి చూశాను. రాయకపోతే ఇప్పుడున్న మూడు పాయింట్ ఎనిమిదితో పట్టపు రాణిలా వెళ్ళొచ్చు, ఎవరైనా తవ్వి తీసేదాకా. మా ఆయన గిల్‌కి కూడా చెప్పలేదు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, అతను పాల ట్యాంకరు నడుపుతాడు, రోజుకి మూడు వందల మైళ్ళు, అన్నీ చెప్పుకుంటాం, ఇది తప్ప. "నీ రాళ్ళ పిచ్చికి డిగ్రీ కూడా ఇస్తారటే?" అని నవ్వుతాడు, నవ్వుతూనే నాకు కారులో పెట్రోలు పోయించి పెడతాడు.

"ఆంటీ, మీదెంత?" పక్క కుర్చీలో అమ్మాయి. చేతిలో ముప్పై రెండు. పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కాఫీ కప్పులో ఊస్తోంది. పేరు యరెలీ అట, వాళ్ళమ్మ టమోటాల ఫ్యాక్టరీలో చేస్తుందట, తను నర్సు చదువుకి వెళ్ళాలట, అడక్కుండానే అన్నీ చెప్పేసింది, చూడగానే నచ్చింది నాకు.

"ముప్పై ఒకటి."

"అమ్మయ్య, మీ వెనకే. ఆ కవరేంటి, అలా పట్టుకున్నారు, బాంబా?"

"పాత మార్కులు."

"తెరవలేదా? నేనైతే పోస్టు డబ్బా దగ్గరే చింపేద్దును. ఆవిరి పెడితే ఊడొస్తుందంటారు, కెటిల్ మీద." గొంతు తగ్గించింది. "మళ్ళీ అంటించెయ్యచ్చు కూడా."

"పెట్టి చూశాను. ముద్ర అలుక్కుపోతోందని ఆపేశాను."

ఫక్కున నవ్వింది, గింజ ఒకటి ఎగిరి నా బూటు మీద పడింది. నిజంగానే పెట్టాను మరి, మొన్న రాత్రి సూపు కాస్తున్నప్పుడు. ముద్రలో చివరి అక్షరం కొంచెం ఉబ్బింది, ఇప్పుడు బొటనవేలితో దాన్నే కప్పి పట్టుకున్నాను, కౌన్సిలర్ చూస్తే ఏమనుకుంటుందో. ఇరవై ఐదు. అమ్మయ్య, తాతల కాలం అయింది, మనిషి బయటికొచ్చాడు, ఏమీ చెప్పేలా లేదు అతని ముఖం, టోపీ చెవులదాకా లాక్కుని మంచులోకి పోయాడు, రెండడుగులకే మాయం.

తెరవగూడని కవరు మీద ఇంత యావ, తెరవమని వచ్చిన కవర్లు మాత్రం తెరవలేదు నేను. మూడు వచ్చాయి కాలేజీ మానేశాక, జనవరిలో ఒకటి, తరవాత మరో రెండు, కాలేజీ బొమ్మ ఉన్నవి. మూడిటినీ మా ఆవుల దొడ్డి వెనక చెత్త తగలబెట్టే డ్రమ్ములో వేశాను, మూడోది పూర్తిగా కాలేదాకా నిలబడి చూశాను. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఎవరో, దాన్ని కూర్చోబెట్టి అడగాలని ఉంటుంది ఒక్కోసారి, ప్రపంచంలో ఉన్నవన్నీ అడిగేదానివి కదే, నీకొచ్చిన ఉత్తరంలో ఏముందో తెలుసుకోవాలని ఎందుకు లేకపోయింది? సిగ్గు. అదొక్కటే నా నోరు మూయించగలిగింది. సిగ్గుపడుతున్న మనిషికి ప్రశ్నలు రావు.

ఆ కాలేజీ మాకు ఉత్తరంగా నలభై మైళ్ళు. ఐదు తరగతులకి చేరాను, ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, టైపు, ఐదోది నేల గురించి, అది ఎందుకు తీసుకున్నానంటే మంగళవారం మధ్యాహ్నం ఖాళీ ఉందని. మేష్టారు బెద్రోసియన్, ఆర్మీనియా వాళ్ళ మనిషి, పొట్టిగా ఉండేవారు, ఇంటి దగ్గర ద్రాక్షతోటలు, కోటు జేబులో ఎండుద్రాక్షా రాళ్ళూ కలిపి పోసుకునేవారు, బాగా ప్రశ్న అడిగినవాళ్ళకి జేబులోంచి గుప్పెడు తీసి పెట్టేవారు, ఏది తినేదో ఏది దాచుకునేదో మనమే చూసుకోవాలి. నాకెన్ని గుప్పెళ్ళు పెట్టారో. మొదటిరోజే మా దొడ్డి ఎక్కడో అడిగి బోర్డుమీద గీత గీశారు. "మిస్ తోస్తే, మీ ఆవుల కింద రెండువేల అడుగులు తవ్వినా మీకు రాయి దొరకదు. అంతా కొండలు అరిగి జారిన మట్టే. మీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ రాయి విసిరి ఉండరు, అవునా?" అవును. నాన్న కుక్కలమీదకి మట్టిగడ్డలే విసిరేవాడు. పంతొమ్మిదేళ్ళు ఆ నేలమీద నడిచి, అందులో రాయి లేదని నాకు తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు కారు పక్కకి ఆపి మరీ దిగి చూశాను, కాలువ గట్టు మీద, పొలంలో, లేదు, ఒక్కటి లేదు. లోయంతా మెత్తగా, పిండి పోసినట్టు ఉంది. పైగా ఆ పిండి కిందికి దిగుతోందని, మనం నీళ్ళు తోడేకొద్దీ నేల కుంగుతోందని, కాలువ మీద వంతెన మా తాతల కాలంలో ఎంత ఎత్తుండేదో ఇప్పుడు నీళ్ళకి ఎంత దగ్గరగా ఉందో చూడమని చెప్పారు. చూశాను. ఆవేళ నుంచి కాలికింద నేలమీద నాకు నమ్మకం పోయింది, ఇష్టం పెరిగింది.

ఆఖరి పరీక్ష ఎలా ఉంటుందో కూడా మొదటిరోజే చెప్పారు. కాగితాలేం ఉండవు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో రాయి పెడతారు, రెండే ప్రశ్నలు. ఇది ఎక్కడ పుట్టింది, ఇక్కడికి ఎలా వచ్చింది. "మొదటిదానికి పుస్తకం చాలు" అనేవారు, "అసలు పరీక్ష రెండోది." నాకే రాయి వస్తుందా అని సెప్టెంబరు నుంచీ ఎదురుచూశాను. నా వంతు రాలేదు.

ఇరవై ఏడు. యరెలీ గింజల పొట్లం నావైపు చాచింది, తీసుకున్నాను, ఉప్పగా ఉన్నాయి, ఆకలి అప్పుడు తెలిసింది. రేపటికి గిల్ టర్కీకోడిలో మా తాతలు వలస వచ్చిన ద్వీపాల మసాలా సాసేజి కూరుతాడు, వాళ్ళమ్మ చేసినట్టు, సగం ఇల్లు వెల్లుల్లి వాసన. రేపు బల్ల దగ్గర అందరూ దేనికి కృతజ్ఞతలో ఒక్కో మాట చెప్పాలి, నేనేం చెబుతానో ఇవాళ మధ్యాహ్నానికి తేలుతుంది. పదకొండూ పది.

ఆ ఏడాది నవంబరు రెండో వారం, ఇలాంటి మంచులోనే, తొలిచూలు పెయ్య ఒకటి బెదిరి నాన్నని ఇనప గొట్టానికేసి అదిమేసింది, తుంటి ఎముక విరిగింది. ముందు వారమే పాలు పితికే మనిషి ఒకడు రావడం మానేశాడు. నూట నలభై ఆవులు, పొదుగులు నిండి అరుస్తుంటే ఎవరు ఎవర్ని అడుగుతారు? నేను బూట్లు వేసుకున్నాను. మంగళవారం తరగతికి వెళ్ళలేదు, బుధవారం వెళ్ళలేదు, మళ్ళీ వెళ్ళలేదు. కాలేజీకి ఓ ఫోను చెయ్యాలని, ఒక కాగితం మీద సంతకం పెడితే తరగతుల్లోంచి పేరు తీస్తారని, అలా తీయించుకుంటే ఎఫ్ పడదని, నాకు తెలియనే తెలియదు. మా దొడ్లలో పని మానేసేవాడు చెప్పి మానడు. రాడు, అంతే. ఒకరోజు చూస్తారు, రెండోరోజు గోడమీద సుద్దతో రాసిన అతని పేరు నాన్న అరచేత్తో తుడిచేస్తాడు, అతని రబ్బరు బూట్లు తలకిందులుగా గుంజకి తగిలిస్తాడు, ఎప్పుడైనా వస్తే పట్టుకుపోవడానికి. తిట్లుండవు, కాగితాలుండవు, రెండేళ్ళ తరవాత అదే మనిషి తిరిగొచ్చి నిలబడితే మళ్ళీ సుద్దముక్క తీస్తాడు. కాలేజీలో కూడా ఎవరో నా పేరు అరచేత్తో తుడిచేసుంటారు, అయిపోయింది అనుకున్నాను. వసంతంలో పండగ భోజనాల దగ్గర, మాంసం పులుసు రొట్టెలమీద పోస్తూ మా పెద్దమ్మ కోడలు, ఆవిడ ఏదో ఆఫీసులో పనిచేసేది, పదిమందిలో అనేసింది. "మానేశావా? చెప్పకుండా? పిచ్చిదానా, అన్నిట్లో ఎఫ్ వేస్తారే. ఐదు ఎఫ్‌లంటే ఇంక ఏ కాలేజీ గడపా తొక్కనివ్వరు." పులుసు వేడికి నా ముఖం ఎర్రబడిందనుకున్నారు అందరూ. నేను నమ్మేశాను. గడప తొక్కి చూడను కూడా లేదు, పద్దెనిమిదేళ్ళు.

ఆ వసంతంలోనే, పండగ తరవాత ఓ వారానికి, నాన్న చంకకర్రల మీద గేటు దాకా నడవడం మొదలుపెట్టిన రోజుల్లో, రాత్రి భోజనాల దగ్గర "ఎవడో బోర్లు వేసేవాడొచ్చాడు" అన్నాడు. "నిన్ను అడిగాడే. పని మీదుందన్నా. మన నేల సంగతి మాట్లాడాడు, కుంగుతోందీ గింగుతోందీ అని. మాకు బోరొద్దు, పొమ్మన్నా." ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మా నాన్న, బోరువాడికి నా పేరెలా తెలుసని ఆయన అడగలేదు. నాకూ తోచలేదు, కరువు ఏళ్ళు, వారానికో బోరువాడు వచ్చేవాడు, పైగా ఆ సాయంత్రమే నాన్నకి పన్ను విరిగి, దవడ పట్టుకుని మూలుగుతుంటే ఆ గొడవలో ఆ మాట కొట్టుకుపోయింది. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. మంచులో ఇలాగే, ఏవేవో వస్తువులు దగ్గరికొచ్చాక గాని కనబడవు.

ఆ రాయి కూడా అంతే, ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఒకరోజు చూస్తే పాల ట్యాంకు గది తలుపు మూసుకోకుండా అడ్డంగా ఉంది, పిడికెడంత, పచ్చగా, తడిసినప్పుడు పాము వీపులా నున్నగా మెరుస్తూ. "ఎక్కడిది నాన్నా?" అంటే "ఎక్కడిదైతేనేం, తలుపు ఆగుతోందా లేదా?" రాయి లేని నేలమీద రాయి. ఎవరికీ వింతగా లేదు, నాకు తప్ప. రోజుకి రెండుసార్లు దాన్ని దాటుకుంటూ పోయేదాన్ని, ఒక్కోసారి పాల గొట్టాలు కడుగుతూ కాలితో తిప్పి చూసేదాన్ని. ఆవుల్ని అమ్మేసి దొడ్డి ఖాళీ చేసినప్పుడు అక్కచెల్లెళ్ళు గిన్నెలూ దుప్పట్లూ పంచుకున్నారు, నేను రాయి తెచ్చుకున్నాను. నాన్న పోయి ఆరేళ్ళు. ఇప్పుడది ఫ్యాక్టరీలో నా పరీక్షల బల్లమీద కాగితాలు ఎగరకుండా ఉంది. దాన్ని చూసే నాతో పనిచేసే ఒకావిడ అంది, "ఇన్నేళ్ళుగా ఈ రాయి ఏమిటో ఏమిటో అని ప్రాణం తీస్తున్నావు, ఆ కాలేజీకి పోయి కనుక్కోరాదా, సాయంత్రం తరగతులున్నాయిగా" అని. వెళ్ళాను. చేరే ఫారంలో ఇంతకుముందు కాలేజీ చదివారా అంటే లేదు అని పెట్టాను. రెండో ఏడాది నేల తరగతిలో రాయి తీసుకెళ్ళి చూపిస్తే అది సర్పెంటైన్ అని తేలింది, తూర్పు కొండల పాదాల దగ్గర బయటపడుతుంది, ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాయి. మరి మా దొడ్డికి ఎలా వచ్చిందని అడిగాను. ఆ మేష్టారు తిప్పి తిప్పి చూశాడు. అంచులు పదునుగా ఉన్నాయి, నది తెచ్చుంటే అరిగి గుండ్రబడేది, కాబట్టి నీళ్ళు తేలేదు, ఇంకేది తెచ్చిందో తెలియదన్నాడు. ఏ లారీలోంచో పడుంటుందిలే అన్నాడు. లారీలోంచి పడ్డది ట్యాంకు గది తలుపు దగ్గరికి నడిచొస్తుందా?

"ముప్పై ఒకటి! ఆంటీ, మీరే!" యరెలీ మోచేత్తో పొడిచింది. పదకొండూ నలభై. "త్వరగా రండి ప్లీజ్, మీ కథంతా చెప్పకండి."

కౌన్సిలర్ పేరు పా న్యా వాంగ్, నాకన్నా పదేళ్ళు చిన్న, బల్లమీద వాళ్ళ తోటవి కాబోలు చిన్న కమలాలు, ఒకటి నా ముందుకు దొర్లించింది. మూడున్నరేళ్ళుగా నా తరగతులన్నీ ఈ అమ్మాయే ఎంచిపెట్టింది. కవరు బల్లమీద పెట్టాను. పైనున్న కాలేజీ పేరు చదివింది, నా వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?"

"ఎవరూ అడగలేదు కదా అని..."

"అడిగాం. మొదటి ఫారంలోనే అడిగాం. మీరు లేదని టిక్కు పెట్టారు."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టుంది నా జవాబు. సిగ్గు మళ్ళీ వచ్చింది, ఇరవై రెండేళ్ళు పోయినా దారి మరిచిపోలేదు. కాని ఈసారి దాని వెనకే ఆత్రం కూడా వచ్చింది, రెండూ తలుపులో ఇరుక్కున్నాయి, ఆత్రమే ముందు లోపలికి దూరింది. "మీరు తెరిస్తే చెల్లుతుందా?" అన్నాను. చెల్లుతుంది, నా ముందు తేదీ వేసి తెరుస్తాను అంది. ఉబ్బిన అక్షరం చూసి కనుబొమ్మ ఎగరేసింది. కాగితం కత్తితో చింపింది. అంత మెల్లగా చింపాలా, చేపని కోసినట్టు.

"ఎఫ్. ఎఫ్. ఎఫ్. ఎఫ్." వేలుపెట్టి చదివింది. నేను ఐదోదానికి కళ్ళు మూసుకున్నాను.

"ఇదేంటి వేరేగా ఉంది?" అంది. "నేల శాస్త్రం. దీనికి ఎఫ్ పడలేదు. ముందు అసంపూర్తి అని వేసి, ఏడాది తరవాత సి చేశారు, పాసు మార్కు."

"అంటే?"

"అసంపూర్తి ఊరికే పడదండీ. దానికి మేష్టారు పనిగట్టుకుని కాగితం రాయాలి. ఈ పిల్లకి ఏ పని మిగిలుందో, ఏడాదిలోపు ఆ పని చెయ్యకపోతే ఏ మార్కు వెయ్యాలో. ఉత్తరం కూడా పంపుతారు మీకు. ఈయన, మీరు రాకపోయినా సి ఇవ్వమని రాసిపెట్టాడు. ఏడాదిపాటు మీ కోసం ఆగాడన్నమాట." కాగితం మీదనుంచి తల ఎత్తింది. "మీకు మిగిలిన పని ఏంటి?"

"ఆఖరి పరీక్ష" అన్నాను. "రాయి."

అన్నాక, నా గొంతు నాకే వినిపించాక, చేతిలో కమలాపండు అలాగే ఉండిపోయింది. పచ్చరాయి. బోరువాడు. నిన్ను అడిగాడే. నేల కుంగుతోందన్నాడు. నాన్న పన్ను. ఆ సాయంత్రం నాన్నకి పన్ను విరిగింది ఎండుద్రాక్ష నములుతుంటే మధ్యలో రాయి తగిలి, డ్రమ్ములో కాలిపోయిన మూడు కవర్ల సంగతి వదిలెయ్, ఇంట్లో ఎప్పుడూ కొనని ఎండుద్రాక్ష నాన్న చేతికి ఎక్కడినుంచి వచ్చిందని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. నేను కూడా. ప్రపంచంలో ఉన్నవన్నీ అడిగేదాన్ని. బెద్రోసియన్ మేష్టారు ఉత్తరాలు పంపించి, జవాబు రాకపోతే నలభై మైళ్ళు వచ్చి, గేటు దగ్గర చంకకర్రల మీద నిలబడ్డ మనిషికి నేల సంగతీ నా సంగతీ చెప్పి, జేబులోది గుప్పెడు పెట్టి, నా పరీక్ష నాన్న చేతిలో పెట్టి వెళ్ళారు. నాన్న దాన్ని తలుపుకి అడ్డం పెట్టుకున్నాడు. ఏడాదంతా రోజుకి రెండుసార్లు నా పరీక్షని దాటుకుంటూ పాలు పితకడానికి పోయాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, పా న్యా కంగారుగా కాగితం రుమాళ్ళ పెట్టె జరిపింది. నాకు తెలిసిన సంగతే ఆ కవర్లో ఉందనుకున్నాను, ఎంత పొగరు.

"ఇడలీనా గారూ, పది నిమిషాలే ఉంది, వినండి" అంది, లెక్కల యంత్రం నొక్కుతూ. "అన్నీ కలిపితే మూడు పాయింట్ ఒకటి మూడు. మీకు కావలసింది మూడు పాయింట్ రెండు. ఆ సి లేకపోతే ఇంకా దిగేది. పాత కాలేజీకి అర్జీ పెడదాం, తరవాత బాగా చదివినవాళ్ళకి అలాంటి ఎఫ్‌లు పక్కన పెట్టే పద్ధతి ఉంది. పెడతారో లేదో నేను మాటివ్వలేను. ఏప్రిల్ దాకా తెలియదు."

"ఆ కాలేజీ పేరు రాయకపోతే?"

"సీటొచ్చాక కూడా పీకేస్తారు. ఇప్పుడు నేను చూశాను కూడా." కొంచెం నవ్వింది. "మీరు రాసేద్దామనే తెచ్చారు కదా దీన్ని?"

అవునో కాదో ఇవాళ పొద్దున అడిగితే చెప్పలేకపోదును. కంప్యూటరు నా వైపు తిప్పింది. ఆ గడిలో కాలేజీ పేరు మొదటి మూడక్షరాలు కొట్టగానే మిగతాది దానంతటదే వచ్చి కూర్చుంది, ఇరవై రెండేళ్ళనుంచి అక్కడే ఉన్నట్టు. ఇంగ్లీషు, ఎఫ్. లెక్కలు, ఎఫ్. చరిత్ర, టైపు. ఒక్కొక్కటీ నా వేళ్ళతో నేనే కొట్టాను, అనుకున్నంత నొప్పి లేదు. నేల శాస్త్రం, సి. కింద చిన్న గడి ఇంకోటి, మీరు ఇంకేమైనా చెప్పదలచుకుంటే. ఐదు వందల యాభై అక్షరాలకి మించకూడదట. "ఎందుకు మానేశారో రెండు ముక్కల్లో రాయండి" అంది పా న్యా, గడియారం చూసుకుంటూ. "కథలొద్దు."

నాన్న తుంటి విరిగింది, ఆవులు ఆగవు, మానేసేటప్పుడు చెప్పాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు అని రాశాను. ఇంకా చోటు మిగిలింది. గాజు అవతల యరెలీ గింజల పొట్లం పట్టుకుని నిలబడి ఉంది, రెండు నిమిషాలు అని వేళ్ళు చూపించాను. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాను. సర్పెంటైన్. సముద్రం అడుగున పుట్టింది, తూర్పు కొండల పాదాల్లో బయటపడింది. అంచులు అరగలేదు కాబట్టి నీళ్ళు తేలేదు. మా మేష్టారు బెద్రోసియన్ గారు నలభై మైళ్ళు కారులో తెచ్చి మా నాన్న చేతికిచ్చి వెళ్ళారు.

పా న్యా నా భుజం మీదుగా వంగి చదివింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఇదేంటండీ? దరఖాస్తులో ఇలాంటివేం అడగలేదే. ఇది ఏ ప్రశ్నకి జవాబు?"

"రెండోదానికి" అన్నాను, పంపించు అన్నచోట వేలు పెట్టి నొక్కి.